తిరగేస్తేనే నాలుగు కాలాలు

దూదేకే విల్లు మూగబోయింది. కొత్తరకం పరుపులకు రెండో ముఖమే లేకుండా పోతోంది. అయినా మూడు నెలలకోసారి పది నిమిషాలు కష్టపడితే పరుపు ఆయుష్షు పెరుగుతుంది, నడుముకూ జేబుకూ ఊరట దక్కుతుంది.

పదేళ్ల వారంటీ కార్డు బీరువాలో భద్రంగా ఉంటుంది. పరుపు మాత్రం అంతకాలం ఆగదు. నాలుగైదేళ్లు తిరిగేసరికి నడుము ఆనేచోట గుంట పడుతుంది. ఆ పక్కన పడుకున్నవారూ ఈ పక్కన పడుకున్నవారూ తెల్లారేసరికి గుంటలోకి జారిపోతారు. లేవగానే నడుము పట్టేస్తుంది. ఇంటిల్లిపాదీ కంపెనీని తిట్టుకుని పండగ డిస్కౌంట్ల కోసం ఎదురుచూస్తారు. కొన్న నాటి నుంచి ఆ పరుపును ఒక్కసారైనా అటుదిటు తిప్పామా అన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు.

ఒక తరం కిందటి వరకు దక్షిణాసియాలోని చాలా ఇళ్లలో ఈ ప్రశ్న అవసరమే లేకపోయింది. దూది పరుపును ఎండలో వేయడం, కర్రతో దులపడం, తిరగేసి పరచడం ఇంటి పనుల్లో భాగం. దూది ఉండలు కడితే దూదేకులవారు వచ్చి, గలేబు విప్పి, ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవారు. పరుపు పాతబడేది గానీ పనికిరాకుండా పోయేది కాదు. ఇప్పటి పరుపు ఫ్యాక్టరీ సరుకు. కుంగితే విప్పి బాగుచేసే మనిషి లేడు. కొన్నవారి చేతిలో మిగిలింది దాన్ని క్రమం తప్పకుండా తిప్పడమొక్కటే. విచిత్రమేమంటే, మరమ్మతు చేసేవారు కనుమరుగైన కాలంలోనే ఆ అలవాటూ పోయింది.

గుంట ఎందుకు పడుతుంది?

మనిషి పడుకున్నప్పుడు బరువు పరుపు మీద సమంగా పడదు. మొండెం, తుంటి భాగాలే ఎక్కువ బరువు మోపుతాయి. పాదాల కింద పరుపుకు పెద్దగా పని ఉండదు. ఏళ్ల తరబడి రోజుకు ఏడెనిమిది గంటలు అదేచోట అదే బరువు. దానికితోడు ఒంటి వేడి, చెమట. ఫోమ్‌లోని సన్నని గాలి గదుల గోడలు నలిగి చిట్లి, తిరిగి పైకి లేచే శక్తి కోల్పోతాయి. కొబ్బరి పీచు పరుపులో పీచును పట్టి ఉంచే రబ్బరు అతుకులు ఊడిపోతాయి. స్ప్రింగు పరుపులో స్ప్రింగుల కన్నా ముందు వాటిపైనున్న మెత్త అణిగిపోతుంది. దూది గడ్డకడుతుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. మొదటిది తిప్పడం. పరుపు పైముఖం పైనే ఉంటుంది, తలవైపు కాళ్లవైపుకు, కాళ్లవైపు తలవైపుకు మారుతుంది. దీనివల్ల ఎడమ పక్క కుడి పక్కకు కూడా వెళుతుంది కాబట్టి భార్యాభర్తల్లో ఒకరు ఎక్కువ బరువున్నా ఆ భారం ఒకేచోట పడదు. రెండోది తిరగేయడం. అంటే కింది ముఖాన్ని పైకి తేవడం. అణిగిన ముఖానికి విశ్రాంతి, లోపలి తేమకు ఆరే అవకాశం దొరుకుతాయి.

అయితే ఇది మంత్రం కాదు. తుంటి ఆనే చోటు పరుపు మధ్యభాగానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఎటు తిప్పినా నడిమి భాగానికి పూర్తిగా సెలవు దొరకదు. ఒకసారి లోతుగా పడిన గుంట తిప్పినంత మాత్రాన పూడదు. పరుపు కొత్తగా ఉన్నప్పటి నుంచే మొదలుపెడితే అరుగుదల నాలుగు చోట్లకు పంచుకుపోతుంది, గుంట ఆలస్యంగా పడుతుంది. అలవాటుకు ఫలితం దక్కేది తొలి ఏడాదిలోనే తప్ప, నడుము నొప్పి వచ్చాక కాదు.

నడుము నొప్పి వచ్చాక చాలామంది చేసే పని మరొకటుంది. ‘ఆర్థోపెడిక్’ అని రాసిన, బల్లలాంటి పరుపు కొనడం. గట్టి పరుపే నడుముకు మేలన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. కానీ 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ పరిశోధకుల అధ్యయనం దీన్ని సమర్థించలేదు. దీర్ఘకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న 313 మందిని 90 రోజులు గమనిస్తే, గట్టి పరుపు వాడినవారి కన్నా మధ్యరకం గట్టిదనమున్న పరుపు వాడినవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. కావలసింది రాయిలాంటి పరుపు కాదు, గుంటలు లేకుండా ఒంటిని సమంగా మోసే పరుపు.

విప్పి కుట్టే విద్య

ఫోమ్ రాకముందు ఈ ఉపఖండం పరుపు సమస్యను మరోరకంగా పరిష్కరించుకుంది. పరుపు కుంగకుండా చూడటం కాదు, కుంగిన పరుపును మళ్లీ కొత్తగా చేయడం. దానికోసం ఒక వృత్తి, ఆ వృత్తి పేరుతో కులాలు ఏర్పడ్డాయి. తెలుగునాట దూదేకులవారు లేదా నూర్‌బాషాలు, కర్ణాటకలో నదాఫ్‌లు, పింజారులు, ఉత్తరాదిన ధునియాలు, పంజాబ్‌లో పేంజాలు, బెంగాల్‌లో ధునూరీలు. పేర్లు వేరైనా పనిముట్టు ఒక్కటే. మనిషెత్తు విల్లు, బిగించిన నారి, దాన్ని మీటడానికి చెక్క గూటం. గడ్డకట్టిన దూదిలో నారిని ఉంచి మీటితే ఆ కంపనానికి పోగులు విడివడి, దుమ్ము రాలి, దూది మేఘంలా పొంగుతుంది. మీటినప్పుడు వచ్చే ‘టంగ్‌టంగ్’ శబ్దమే వీధిలో వారి రాకకు గుర్తు.

ఈ వృత్తి నుంచి వచ్చినవారికి సమాజంలో చిన్నది కాని చోటే ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ప్రియశిష్యుడు దూదేకుల సిద్ధయ్య. రాజస్థాన్‌లో భక్తిమార్గాన్ని ప్రచారం చేసిన దాదూ దయాళ్ (1544-1603) కూడా దూది ఏకే కుటుంబం వాడేనని సంప్రదాయం చెబుతుంది. సబర్మతి ఆశ్రమంలో ఖాదీ మొదలుపెట్టిన రోజుల్లో ఏకే మనిషి దొరకడమే గాంధీజీకి పెద్ద చిక్కయింది. గంగాబెన్ మజుందార్ వెదికి పట్టుకున్న పనివాడు నెలకు 35 రూపాయలు అడిగితే, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమైనా ఒప్పుకున్నట్టు ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు.

దూది ఒక్కటే కాదు. బూరుగు దూదిదీ పరుపుల్లో పెద్దపీటే. తమిళనాడులోని తేని జిల్లా బోడినాయకనూరు ఈ వ్యాపారానికి పేరుమోసింది. బూరుగు పోగు లోపల డొల్లగా, పైన మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. అందుకే నూలు వడకడానికి పనికిరాదు, పరుపుకు మాత్రం భేషుగ్గా సరిపోతుంది. నీటిని పీల్చుకోదు కాబట్టి ఒకప్పుడు పడవల్లో వాడే రక్షణ కోట్లలోనూ దీన్నే నింపేవారు. గంటసేపు ఎండ తగిలితే బూరుగు పరుపు మళ్లీ పొంగుతుంది. అదే దాని మరమ్మతు.

గతమంతా బంగారమేమీ కాదు. రోజంతా దూది దుమ్ములో పనిచేసేవారికి ఊపిరితిత్తుల జబ్బులు తప్పేవి కావు. దూది ధూళి వల్ల వచ్చే బిసినోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. కానీ వీధిలో తిరిగి దూది ఏకేవారు ఏ ఫ్యాక్టరీ హాజరు పట్టీలోనూ లేరు. కరెంటుతో నడిచే ఏకుడు యంత్రాలు వచ్చి విల్లును పక్కకు నెట్టాయి. తర్వాత ఫోమ్ వచ్చి యంత్రాల గిరాకీనీ తగ్గించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దూదేకులవారు ఇప్పుడు బీసీ-బీ జాబితాలో ఉన్నారు. కులం పేరులో దూది మిగిలింది, చాలామంది చేతుల్లోంచి మాత్రం జారిపోయింది. ఇప్పటికీ చలికాలం ముందు కోల్‌కతా వీధుల్లో ‘లేప్’ అనే దూది దుప్పట్లు కుట్టే ధునూరీలు కనిపిస్తారు. తెలుగు పట్టణాల్లో యంత్రం పెట్టుకున్న పరుపుల దుకాణాలు అక్కడక్కడా ఉన్నాయి. దూది పరుపు ఇంకా ఉన్నవారు దాన్ని పారేసేముందు అలాంటి దుకాణం కోసం ఒకసారి వాకబు చేయడం మంచిది.

ఒంటి ముఖం పరుపు

1929లో ఇంగ్లండ్‌లోని డన్‌లప్ ప్రయోగశాలలో రబ్బరు పాలను నురగ చేసి గట్టిపరిచే పద్ధతి కనుగొన్నారు. ఆ పేరు ఎంతగా నాటుకుపోయిందంటే మన పల్లెల్లో చాలాకాలం మెత్తటి పరుపు ఏదైనా ‘డన్‌లప్ పరుపే’. భారతీయ పరిశ్రమ మాత్రం చేతికందే సరుకుతో మొదలైంది. మెలిపెట్టిన కొబ్బరి పీచును విప్పి, రబ్బరు పాలు చల్లి, అచ్చులో అదిమి, వేడితో గట్టిపరిచే పరుపులివి. ఈ రంగంలో పేరుమోసిన కర్లాన్ 1962లో, డ్యూరోఫ్లెక్స్ 1963లో పుట్టాయి. తర్వాత పాలీయూరెథేన్ ఫోమ్ వచ్చింది. చవక, తేలిక. స్లీప్‌వెల్ పరుపులు తయారుచేసే షీలా ఫోమ్ 2023లో కర్లాన్‌నే కొనేసింది. 2016లో బెంగళూరులో మొదలైన వేక్‌ఫిట్ వంటి కంపెనీలు పరుపును చాపలా చుట్టి డబ్బాలో పెట్టి ఇంటికి పంపే ధోరణికి ఊపునిచ్చాయి.

ఈ మార్పుల్లో కొనుగోలుదారు పెద్దగా గమనించనిది ఒకటుంది. పాత పరుపుకు, అది దూదిదైనా పీచుదైనా, రెండు ముఖాలు. ఎటు వేసినా ఒకటే. 2000లో అమెరికాలో సిమ్మన్స్ కంపెనీ ‘తిరగేసే పనిలేని’ పరుపును మార్కెట్లోకి తెచ్చింది. మెత్తటి పొరలన్నీ పైముఖానికే, కింద గట్టి ఆధారం. ప్రచారంలో అది సుఖం. నిజానికి కొనేవారికి శ్రమ తగ్గింది, తయారీదారుకు ఒకవైపు మెత్త ఖర్చు మిగిలింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. మెమరీ ఫోమ్ రాకతో ఆ ధోరణి స్థిరపడింది. 1966లో నాసా కోసం విమాన సీట్లలో వాడేందుకు రూపొందిన ఈ ఫోమ్‌ను పరుపులో సాధారణంగా పైపొరగానే వేస్తారు. దాన్ని తిరగేస్తే పడుకునేది కింది గట్టి ఫోమ్ మీద.

అంటే పరుపు పొరలుగా, ఖరీదుగా మారినకొద్దీ దాని ఉపయోగకరమైన ముఖాలు రెండు నుంచి ఒకటికి తగ్గాయి. ‘తిరగేసే పనిలేదు’ అన్న మాటను జనం ‘కదిలించే పనిలేదు’ అని అర్థం చేసుకోవడం అసలు నష్టం. ఒంటి ముఖం పరుపును తిరగేయకూడదు నిజమే. తల, కాళ్ల వైపులు మార్చి తిప్పడం మాత్రం దానికి మరింత అవసరం, ఎందుకంటే బరువు మోసే ముఖం ఒక్కటే. మూడు నుంచి ఆరు నెలలకోసారి తిప్పమని చాలా కంపెనీల సూచనల పత్రాల్లోనే ఉంటుంది. ఆ పత్రం మాత్రం ప్లాస్టిక్ కవరుతోపాటు చెత్తబుట్టలోకి పోతుంది.

పడకగదిలో లెక్కలు

రెండు ముఖాల పరుపున్నవారికి మరో తంటా. కిందటిసారి ఎలా తిప్పామో మూడు నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ప్రతిసారీ ఒకేలా చేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదని గణితం చెబుతోంది. బ్రయన్ హేస్ అనే రచయిత 2005లో అమెరికన్ సైంటిస్ట్ పత్రికలో దీనిమీదే ఓ వ్యాసం రాశారు. 2008లో వచ్చిన ఆయన పుస్తకానికి పేరు కూడా ఆ వ్యాసానిదే: ‘గ్రూప్ థియరీ ఇన్ ద బెడ్‌రూమ్’.

విషయం సులువే. క్యారమ్స్ బోర్డును ఆటకో పావు చుట్టు తిప్పుతూ పోతే నాలుగు ఆటల్లో నాలుగు వైపులూ ప్రతి ఆటగాడి ముందుకూ వస్తాయి. ఒకే పని, నాలుగు స్థితులు. పరుపు పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ కాబట్టి పావు చుట్టు తిప్పితే మంచం మీద పట్టదు. దానికి కుదిరేవి మూడే: తల, కాళ్ల వైపులు మార్చడం, పక్కకు దొర్లించి తిరగేయడం, తలవైపు నుంచి పల్టీ కొట్టించడం. వీటిలో ఏదైనా వరుసగా రెండుసార్లు చేస్తే పరుపు మొదటికొస్తుంది. కాబట్టి ఒకే పనిని ఎన్నిసార్లు చేసినా నాలుగు స్థితుల్లో రెండే వాడుకలోకి వస్తాయి. గణితంలో దీన్ని జర్మన్ శాస్త్రవేత్త ఫెలిక్స్ క్లైన్ పేరుమీద ‘క్లైన్ సమూహం’ అంటారు.

పరిష్కారానికి గణితం అక్కర్లేదు, చెరగని పెన్ను చాలు. పరుపు పైముఖం మీద తలవైపు అంచున 1, కాళ్లవైపు అంచున 2 వేయాలి. కింది ముఖం మీద తలవైపు 3, కాళ్లవైపు 4. ఆపైన మూడు నెలలకోసారి తర్వాతి అంకె తలవైపు పైకి కనిపించేలా వేస్తే సరి. ఏడాదిలో నాలుగు స్థితులూ పూర్తవుతాయి, ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. హోటళ్లలో గదులు చూసే సిబ్బంది చేసేదీ ఇదే. పరుపు అంచులకు నెలల పేర్లో అంకెలో ఉన్న చీటీలు కుట్టించి, వాటి ప్రకారం తిప్పుతుంటారు. ఒంటి ముఖం పరుపుకైతే 1, 2 చాలు.

వారంటీ మెలికలు

పరుపు కుంగితే వారంటీ ఉందికదా అనుకోవడం తొందరపాటు. చాలా వారంటీ పత్రాల ప్రకారం గుంట నిర్ణీత లోతు దాటితేనే లోపం. సాధారణంగా అది అంగుళం అటూఇటూ ఉంటుంది. అదీ పరుపు మీద ఎవరూ లేనప్పుడు కొలిచిన లోతు. మనిషి పడుకుంటే రెండంగుళాలు కుంగినా ఖాళీగా ఉన్నప్పుడు పైకి లేస్తే లెక్కలోకి రాదు. మరకలున్నా, కింద సరైన ఆధారం లేకపోయినా వారంటీ చెల్లదనే షరతులూ మామూలే. ఏళ్లు గడిచేకొద్దీ కంపెనీ భరించే వాటా తగ్గుతూ పోయే పద్ధతి కూడా ఉంది. పరుపును సూచించిన విధంగా తిప్పుతూ వచ్చామని చెప్పగలగడం ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. తిప్పిన తేదీని పరుపు అంచునే రాసిపెట్టుకోవడం తేలిక.

బిల్లు, వారంటీ పత్రం, గుంట మీద స్కేలు పెట్టి తీసిన ఫొటో ఉంటే వాదన బలపడుతుంది. కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలును ఆ చట్టం కల్పించింది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము కూడా లేదు.

పోయేదెక్కడికి?

చివరికి ప్రతి పరుపూ ఇంటి నుంచి బయటికి పోవాల్సిందే. దూది పరుపు పోయినా దూది మిగిలేది. దిండ్లలోకి, బొంతల్లోకి, చివరికి మట్టిలోకి చేరేది. ఫోమ్ మట్టిలో కలవదు. కొంత పాత ఫోమ్‌ను తునకలు చేసి, జిగురుతో అదిమి, రీబాండెడ్ ఫోమ్ పేరుతో చవక పరుపుల్లో, మెత్తల్లో వాడుతున్నారు. మిగతాది చెత్త దిబ్బలకు చేరుతుంది. అక్కడ నిప్పంటుకుంటే పాలీయూరెథేన్ నుంచి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి.

ఫ్రాన్స్‌లో ఫర్నిచర్‌తోపాటు పాత పరుపుల సేకరణ బాధ్యతను తయారీదారుల మీద పెట్టారు. అమెరికాలో కనెటికట్ 2013లో పరుపుల రీసైక్లింగ్ చట్టం తెచ్చిన తొలి రాష్ట్రమైంది. కొత్త పరుపు కొన్నప్పుడే కొంత రుసుము వసూలు చేసి ఆ సొమ్ముతో పాతవాటిని విడగొడతారు. ఉక్కు కొలిమికి, ఫోమ్ తివాచీల అడుగు పొరకు వెళతాయి. భారత్‌లో ప్లాస్టిక్ ప్యాకింగ్, టైర్లు, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు తయారీదారుల బాధ్యత నిబంధనలు వచ్చాయి. ఆ జాబితాలో పరుపు లేదు. అది వచ్చేలోగా ఒక్కో పరుపును రెండేళ్లు ఎక్కువ వాడటమే చెత్త దిబ్బ బరువు తగ్గించే మార్గం. దూదేకులవారి విల్లు తిరిగి రాకపోవచ్చు. కానీ ఇంట్లో వస్తువు కుంగితే పారేయడం కాదు, కుంగకుండా చూసుకోవాలన్న ఆ కాలపు ఇంగితానికి విల్లు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, పది నిమిషాలు చాలు.

ఏ పరుపుకు ఏ పద్ధతి

దూది, బూరుగు: వీలైనప్పుడల్లా ఎండలో వేసి తిరగేయాలి. గడ్డకడితే దూది పరుపును విప్పించి ఏకించాలి.

కొబ్బరి పీచు: రెండు ముఖాలూ వాడుకోవచ్చు. మూడు నెలలకోసారి అంకెల వరుసలో మార్చాలి. మధ్యకు మడవకూడదు, విరుగుతుంది.

ఫోమ్, లేటెక్స్: ముందు రెండు ముఖాలదో కాదో లేబుల్ చూడాలి. ఒకవైపు మెత్తగా, మరోవైపు గట్టిగా ఉండే రకాల్లో తిరగేస్తే గట్టిదనం మారుతుంది. మండుటెండలో వేయకూడదు, ఫోమ్ పెళుసెక్కుతుంది. నీడలో గాలికి ఆరబెడితే చాలు.

మెమరీ ఫోమ్, పైన మెత్త కుట్టిన స్ప్రింగు పరుపులు: తిరగేయకూడదు. తల, కాళ్ల వైపులు మాత్రమే మార్చాలి.

అన్నింటికీ: బరువైన పరుపును ఒక్కరే ఎత్తే సాహసం వద్దు. మంచం చెక్కల మధ్య సందులు ఎక్కువుంటే పరుపు అక్కడ కుంగుతుంది. గాలి ఆడని ప్లైవుడ్ మంచమైతే, ముఖ్యంగా కోస్తా ప్రాంతాల్లో, అడుగున బూజు పట్టిందేమో తిప్పినప్పుడల్లా చూసుకోవాలి.